సర్టిఫికెట్ చేతికి, సంతకం డాక్టరుకు

నర్సులకు పరీక్షలు పెట్టడంలో మన సర్కార్లకు ఉన్న హుషారు అంతా ఇంతా కాదు. పాసైన నర్సుకు పని అప్పగించే రోజు వచ్చేసరికి ఆ హుషారంతా ఆవిరైపోతుంది. నర్స్ ప్రాక్టీషనర్ అన్నారు. సిలబస్ రాశారు, శిక్షణ ఇచ్చారు, రాత పరీక్ష పెట్టారు, ప్రాక్టికల్స్‌లో చెమటలు పట్టించారు, చివరికి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ సర్టిఫికెట్‌తో లేబర్ రూమ్‌లో అడుగుపెట్టిన మనిషి సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోవాలంటే మాత్రం ఇంకొకరి మొహం చూడాలి. దీన్ని నేను మోసం అంటాను. అంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

ఈ మోసానికి మొదటి సాక్షి కరీంనగర్. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడుగా తెలంగాణ ప్రభుత్వం సర్కారు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టినప్పుడు అందులో ముందు నిలిచింది కరీంనగర్ దవాఖానే. మొదటి బ్యాచ్ 30 మంది. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసి, ఈ చదువుకు 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అని పేరు పెట్టింది. మామూలు కాన్పులు మిడ్‌వైఫ్‌లు చూసుకుంటారు, కష్టమైన కేసులు డాక్టర్లు చూస్తారు అన్నది లెక్క. చక్కటి లెక్కే.

ఇప్పుడు రెండో లెక్క వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు పెద్దాపరేషన్లు. తెలంగాణలో 60.7. కరీంనగర్ జిల్లాలో 82కు పైనే! నూటికి పది, పదిహేను మించి అవసరం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మిగతా ఆడవాళ్ల కడుపులు దేనికి కోసినట్టు? ముహూర్తానికా, బిల్లుకా, డాక్టరుగారి తీరికకా? ముప్పై మంది నర్సులు వచ్చీరాగానే ఈ అంకెను మార్చేస్తారని ఎవరూ అనుకోరు. కానీ ఇంత కోత జరుగుతున్న జిల్లాలో, కోత లేకుండా కాన్పు చేయడమే చదువుగా చదివిన మనిషి మాటకు ఎంత విలువ ఉండాలి?

ఆ చదువు ఎలాంటిదో కాస్త దగ్గరికి వెళ్లి చూడండి. నైట్ డ్యూటీ దిగి, పిల్లలకు టిఫిన్ డబ్బా కట్టి, పుస్తకం ముందు కూర్చునే ఆడమనిషి ఆమె. గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్ లోడింగ్ డోసు 14 గ్రాములు: నాలుగు నరానికి నెమ్మదిగా, మిగతా పది రెండు పిరుదులకు చెరి సగం. మళ్లీ డోసు ఇచ్చే ముందు మూడు చూసుకోవాలి. మోకాలి మీద తడితే కాలు కదలాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. తేడా వస్తే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. ఇక పార్టోగ్రాఫ్, అంటే కాన్పు సాగే తీరును గీసే గ్రాఫ్. గర్భసంచి మూతి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలుపెట్టి వేళ తప్పకుండా గుర్తు పెట్టాలి. గీత అలర్ట్ లైన్ దాటితే మేలుకోవాలి, యాక్షన్ లైన్ చేరితే ఆగకూడదు. ప్రాక్టికల్ పరీక్షలో గంట మోగగానే బొమ్మ ముందు నిలబడాలి. చేతులు కడుక్కుని, పేరు చెప్పుకుని, "చూడమంటావా అమ్మా?" అని ఆ రబ్బరు బొమ్మను అనుమతి అడగాలి. అడగకపోతే మార్కు పోతుంది.

బొమ్మను అనుమతి అడగడం నేర్చుకుని వార్డుకు వస్తే, అక్కడ బతికున్న తల్లిని అడిగే నాథుడు ఉండడు. నొప్పులు సాఫీగా సాగుతున్నాయి, ఆరు సెంటీమీటర్లు తెరుచుకుంది, బిడ్డ గుండె 140 కొట్టుకుంటోంది, గీత అలర్ట్ లైన్‌కు ఇవతలే ఉంది. పైనుంచి ఫోన్ వస్తుంది: "ఓటీ రెడీ చెయ్ సిస్టర్." ఏ ఊరి దవాఖాన అని అడగకండి, ఏ ఊరి నర్సును కదిపినా ఈ ఫోన్ సంగతే చెబుతుంది. ఆమె గీసిన గ్రాఫ్ ఫైల్లోకి పోతుంది, ఆమె ట్రాలీ సర్దడానికి పోతుంది. మరుసటి నెల డ్యూటీ చార్ట్ మారితే ఏ ఐసీయూకో, జనరల్ వార్డుకో మారుస్తారు. పద్దెనిమిది నెలల చదువు అటకెక్కుతుంది.

ఉద్యోగ పరీక్షలోనూ ఇదే తీరు. 2024 సెప్టెంబరులో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, నవంబరు 23న కంప్యూటర్ మీద పరీక్ష పెట్టింది. రాతకు 80 మార్కులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20. ఏజెన్సీలో పనిచేస్తే ఆరు నెలలకు రెండున్నర మార్కులు, మైదానంలో రెండు. గిరిజన గూడేల్లో సేవ కష్టమని గుర్తించారు, సంతోషం. మరి నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు ఆ వందలో ఎన్ని మార్కులు? సున్నా. కోచింగ్ సెంటర్ బిట్లు బట్టీ పట్టిన అమ్మాయికీ, వందల కాన్పులు చేతుల మీదుగా చేసిన అమ్మాయికీ ఆ కంప్యూటర్ ముందు తేడా లేదు.

నర్స్ ప్రాక్టీషనర్ అనే పదవి పుట్టిన చోట ఇలా లేదు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇవాళ అక్కడ మన తెలుగు నర్సులూ పీజీ చేసి సర్టిఫికేషన్‌కు కూర్చుంటున్నారు. ఆ పరీక్ష గట్టెక్కి లైసెన్సు తెచ్చుకుంటే మందు రాసే హక్కు వస్తుంది. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ కూడా అక్కర్లేదు. అక్కడ పరీక్ష కష్టం, గెలిస్తే హక్కు ఖాయం. మన దగ్గర కష్టం ఒక్కటే ఖాయం.

"సగం చదువుతో ప్రాణాల మీదికి తెస్తారు" అంటారు డాక్టర్ల సంఘాలవాళ్లు. 2019 జాతీయ మెడికల్ కమిషన్ బిల్లులో 32వ సెక్షన్ కింద ప్రాథమిక వైద్యానికి పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని రాసినందుకు ఆ జులై 31న దేశమంతా ఓపీలు మూసి సమ్మె చేశారు. ప్రమాదం లేదని నేననను. బీపీ పెరిగిన తల్లిని, అడ్డం తిరిగిన బిడ్డను డాక్టరే చూడాలి. ఎప్పుడు పంపాలో తెలియడమే మిడ్‌వైఫ్ చదువులో సగం. కానీ అయ్యా, ఏ పరీక్షా రాయని ఆర్‌ఎంపీ ఊరూరా స్టెరాయిడ్ సూదులు పొడుస్తుంటే మీ ఓపీ ఏనాడైనా ఒక్క పూట మూతపడిందా? పరీక్ష రాసిన నర్సు మీదే ఎందుకింత పౌరుషం?

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉట్నూరు అవతలికి, నార్నూరు, గాదిగూడ, తిర్యాణి వైపు వానాకాలం పోయి చూసి రండి. వాగు పొంగితే నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చే గోండు, కొలాం గూడేలు ఇంకా ఉన్నాయి. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు యాభై కిలోమీటర్ల పైనే. కరీంనగర్‌లో అక్కర్లేని కత్తి, ఇక్కడ అక్కరకు రాని డాక్టరు. ఆ గూడేనికి దగ్గరలో ఉండేది నర్సే. ఆమెకు మన రూలు ఇచ్చిన అధికారం ఏమిటి? మొదటి డోసు ఇచ్చి రిఫర్ చెయ్. ఎక్కడికి? ఏ వాగు మీదుగా?

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. చట్టం మారినా చేతులు కట్టేసే ఉన్నాయి. నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. నర్స్ ప్రాక్టీషనర్‌కు వేరే క్యాడర్, వేరే స్కేలు ఇవ్వండి. లేబర్ రూమ్ నుంచి కదిలించకండి. ఆమె సొంతంగా రాయగల మందుల జాబితా జీవోగా ఇవ్వండి. మామూలు కాన్పు కేస్ షీట్ మీద ఆమె సంతకమే చాలనండి. ఆమె గ్రాఫ్ బాగుందని చెప్పినా కోసిన ప్రతి కేసుకూ, కోసినవాళ్లు కారణం రాసివ్వాలనండి. ఉద్యోగ పరీక్షలో ఆ చదువుకు మార్కులు పెట్టండి.

ఇవేవీ చేతకాదంటారా? అయితే కొత్త బ్యాచ్‌లకు నోటిఫికేషన్ ఇవ్వడం ఆపండి. నైట్ డ్యూటీ చేసి వచ్చి పుస్తకం పట్టే ఆ ఆడవాళ్లను కనీసం నిద్రైనా పోనివ్వండి.