గాలివాన లెక్కలలో పసివారు

ఆశ్వయుజమాసము వచ్చినదనగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామములలో జనులకు ఒక చూపు పండుగ మీదను, ఒక చూపు సముద్రము మీదను ఉండును. ఇది వట్టి భయము కాదు. అనుభవము నేర్పిన జాగ్రత్త. 2013లో పైలీన్ తుపాను తీరము దాటినది అక్టోబరు 12వ తేదీన. మరుసటి సంవత్సరము హుద్‌హుద్ దాటినదియు సరిగా ఆ తేదీననే. 2018లో తిత్లీ పలాస సమీపమున తీరము దాటినది అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, అనగా దసరా నవరాత్రులు ఆరంభమయిన మరునాడు. 2021లో గులాబ్ కళింగపట్నం చెంతకు వచ్చినది సెప్టెంబరు 26న. తిత్లీ అనగా సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టినవారి చమత్కారమును మెచ్చుకొనుటకు ఆనాడు ఉద్దానములో ఎవరికిని తీరిక లేకపోయినది.

న్యాయముగా చెప్పవలసినచో ప్రభుత్వము ఈ విషయమున చాల దూరము నడచినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ప్రభుత్వపు లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది మరణించినారు. నేడు అట్టి ప్రాణనష్టము లేదు. నాలుగు దినములు ముందుగా హెచ్చరిక వచ్చును. దండోరాతోపాటు సెల్‌ఫోనులు మ్రోగును. బస్సులు వచ్చి జనులను తుపాను రక్షిత కేంద్రములకు చేర్చును. ఈ మేలును కాదనువాడు కృతఘ్నుడు. అయితే ప్రాణములు దక్కినవి గనుకనే, దక్కిన ప్రాణములలో పసిప్రాణముల గతి యేమి అని నేడు అడుగగలుగుచున్నాము. దివిసీమ నాడు ఆ ప్రశ్నకు వ్యవధి లేదు.

పార్లమెంటు 2005లో విపత్తు నిర్వహణ చట్టమును చేసినది. సహాయశిబిరములలో వసతి, ఆహారము, మంచినీరు, వైద్యము, పారిశుద్ధ్యము కనీసము ఎట్లుండవలెనో నిర్ణయింపుమని అందు 12వ విభాగము చెప్పుచున్నది. వితంతువులకును, అనాథలకును ప్రత్యేక సదుపాయములు చేయుమనియు అక్కడనే ఆదేశించినది. మంచిదే. కాని ఆ మాటను రెండవసారి చదువుడు. బిడ్డ ఆ విభాగములోనికి అనాథయై ప్రవేశించుచున్నది. తల్లిదండ్రులు చనిపోయిన బిడ్డ చట్టమునకు కనబడినది. తల్లి చంకనెక్కి, తడిసి, ఆకలికి ఏడ్చుచు శిబిరము చేరిన బిడ్డ కనబడలేదు. పరిహారమునందు వివక్ష కూడదని చెప్పు 61వ విభాగమున లింగము, కులము, వర్గము, వంశము, మతము అని అయిదు మాటలున్నవి. వయస్సు అను మాట లేదు. తరువాత 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణములను ప్రకటించి, పిల్లలకును పాలిచ్చు తల్లులకును పాలు ఈయవలెనని చేర్చినది. ఆ సంవత్సరమే పాఠశాలల భద్రతకు మార్గదర్శకములు కూడ వెలువరించినది. కావున ఢిల్లీలో ఎవరును ఆలోచింపలేదని అనుటకు వీలులేదు. ఆ ఆలోచన సోంపేటకో, పూసపాటిరేగకో వచ్చునప్పటికి బియ్యపు బస్తాగాను, పులిహోర పొట్లముగాను మారిపోవుచున్నది.

నష్టపరిహారపు పట్టికను చూచినచో ఈ సంగతి ఇంకను స్పష్టమగును. 2022 నుండి 2026 వరకని కేంద్రము నిర్ణయించిన పద్దులలో పాడిగేదెకు 37,500 రూపాయలు, దూడకు 20,000, మేకకు 4,000, కోడికి 100 చొప్పున నిర్ణయము కలదు. పడవకు, వలకు, మగ్గమునకు పద్దు కలదు. కుటుంబమునకు బట్టల క్రింద 2,500, పాత్రసామగ్రి క్రింద మరి 2,500. బడి కప్పు ఎగిరిపోయినచో దాని మరమ్మతునకును పద్దు కలదు. ఆ కప్పు క్రింద కూర్చుండు బాలుని పుస్తకములకని, పలకకని, సంచికని వేరుగా ఒక్క పద్దు లేదు. ఎవరైన అధికారి దయతలచి ఇప్పించినచో ఇప్పించినట్లు, లేనిచో లేదు. దూడకు వెల కట్టిరని నాకు ఈర్ష్య లేదు. రైతు ఇంట దూడ నష్టము నిజమైన నష్టమే. వెల కట్టరాని వస్తువును లెక్కకే రానీయకపోవుట మన పద్దుపుస్తకములలో ఒక పాత అలవాటు, అదియే నా బాధ.

ఒక విచిత్రము చూడుడు. 2015 నాటి పద్దులలో జీవనోపాధి కోల్పోయిన కుటుంబములకు దినమునకు పెద్దవానికి 60, పిల్లవానికి 45 రూపాయల చొప్పున ఉచిత సహాయమని ఉండెను. స్వల్పమే కాని పిల్లవాడని ఒక మాట ఉండెను. 2022 పద్దులలో దానిని ఉపాధిహామీ కూలితో ముడిపెట్టి, కుటుంబమునకు ఇద్దరు పెద్దలకు ఇత్తుమనినారు. మొత్తము పెరిగినది, పిల్లవాడు పోయినాడు. ధాత కరువు తరువాత, 1880వ దశకములో తెల్లదొరలు వ్రాసుకొన్న కరువు నిబంధనావళిలో సైతము పిల్లలను వయస్సును బట్టి విభజించి, ఎవరికెంత గింజ అని లెక్క వ్రాసినారు. ఆ లెక్క పిసినారి లెక్కయే. అయినను అందులో పసివాడు ఉన్నాడు.

ఉద్దానము సంగతి వేరుగా చెప్పవలెను. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని మా ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడి, పనస తోటలు తిత్లీ ఒక్క రాత్రిలో నేలగూల్చినది. అధికారులు వచ్చి చెట్లను లెక్కించినారు, చెట్టు చొప్పున పరిహారము నిర్ణయించినారు. కొబ్బరి మొక్క నాటి కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. 2018లో మూడవ తరగతి చదువుచున్న బాలుడు 2025–26లో పదవ తరగతికి వచ్చును. అనగా వాని చదువంతయు ఆ తోట కాపులేని కాలములోనే గడచినది. తండ్రి విశాఖకో, చెన్నైకో, హైదరాబాదుకో కూలికి పోయిన యేడులన్నియు వాని బడి యేడులే. చెట్టుకు ఒకసారి ఇచ్చిన పైకము ఆ బాలుని చదువునకు ఏడేండ్లు సరిపోవునా అని లెక్కవేసినవారెవరు? తోట పోయిన ఇంటి పిల్లలకు, తోట మరల కాచువరకు వసతిగృహములో స్థానమో, చదువునకు వేతనమో ఇచ్చుటకు ప్రత్యేకముగా ఏ శాస్త్రమును అవసరము లేదు. వ్యవసాయశాఖ వారి దగ్గర చెట్ల జాబితా ఉన్నది, బడిలో పిల్లల జాబితా ఉన్నది. రెండు జాబితాలను ఒక బల్లమీద పెట్టినచో చాలును.

ఇక తీరమునకు పోదము. మన రెండు జిల్లాల మత్స్యకారులు పలువురు ఆగస్టు ప్రాంతమున గుజరాతులోని వేరావల్ రేవునకు కూలికి పోయి వేసవికి గాని తిరిగిరారు. తిత్లీ వెళ్లిన నెలన్నరకు గుజరాతు సముద్రమున పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరి వరకు చెరలో ఉన్నవారు అట్టి మనవారే. అనగా తుపాను వచ్చు అక్టోబరు మాసమున ఆ పల్లెలలో మిగిలియుండునది స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. హెచ్చరిక వినబడగానే ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకొని, అత్తగారి చేయి పట్టుకొని, మేకను విప్పి, రేషనుకార్డు వెదకి బయలుదేరవలెను. నడిపిగుంటడు ఎవరి వెంట పోవుచున్నాడో చూచుకొను చేయి ఆమెకు మిగులదు. "కుటుంబ యజమాని" అని మొదలగు మన ఫారములకు ఈ సంసారము అర్థము కాదు.

నేనొకసారి తీరమున ఒక సహాయశిబిరమును చూచితిని. ఊరి పేరు అనవసరము. అది ఒక ఉన్నత పాఠశాల. పుస్తకమున పేరు, ఇంటి నంబరు, సభ్యుల సంఖ్య అని మూడు గళ్లు గీసినారు. అయిదుగురు అన్నచో అందులో నెలల బిడ్డ యెవరో, పరీక్ష వ్రాయవలసిన బాలిక యెవరో, నడువలేని పిల్లవాడెవరో తెలియదు. వండినవారు శ్రద్ధగానే వండినారు. కాని కారము పెద్దల కారమే. నీటితొట్టి దగ్గర పెద్దవాండ్ల తోపులాట. ఎదిగిన ఆడపిల్లలు మరుగుదొడ్డికి పోవుటకు తల్లులను నిద్రలేపి తోడు తీసికొని పోవుచుండిరి. పిల్లలు మాత్రము రెండవనాటికే నల్లబల్ల దగ్గర చేరి సుద్దముక్కతో పడవలు గీయుచుండిరి. వారికి కావలసినదేమో వారే కనుగొన్నారు. ఒక గది, ఒక సుద్దముక్క, చూచుకొనుటకు ఒక పెద్దదిక్కు.

పాఠశాలయే శిబిరమగుట వలన మరియొక చిక్కున్నది. జాతీయ ఆహారభద్రతా చట్టము 2013లో బాలబాలికలకు మధ్యాహ్నభోజనమును హక్కుగా ఇచ్చినది, "సెలవు దినములలో తప్ప" అను షరతుతో. తుపాను వచ్చినచో కలెక్టరుగారు ప్రకటించు మొదటి విషయము బడులకు సెలవు. బడికి సెలవు అనగా అన్నమునకును సెలవు. శిబిరమునకు చేరిన బిడ్డకు అక్కడ పొట్లము దొరకును. ఇల్లు నిలిచి కూలి పడిపోయిన బిడ్డకు ఏదియు దొరకదు. మన రాష్ట్రమున 2024 నుండి ఈ పథకము డొక్కా సీతమ్మగారి పేర నడచుచున్నది. గోదావరి లంకలలో వేళకాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టిన ఆ తల్లి పేర నడచు భోజనము గాలివాన నాడు ఆగిపోవుట సబబు కాదు. దీనికి పూర్వప్రమాణము లేకపోలేదు. కరువు ప్రాంతములలో వేసవి సెలవులలో సైతము మధ్యాహ్నభోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించినది. కరువునకు వర్తించినది వరదకు వర్తింపకుండుటకు కారణము నాకు తోచుట లేదు.

సాహిత్యపుటలలో వ్రాయుచున్నాను గనుక ఒక మాట. మన కథాసాహిత్యమున తుపాను పేరు ఎత్తగానే పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" గుర్తునకు వచ్చును. 1952లో అంతర్జాతీయ బహుమతి పొందిన కథ. అందు గాలివాన పరీక్షించినది ఒక పెద్దమనిషి విలువలను. ఆ కథకుడు తన పని తాను చేసినాడు. గాలివానను పసివాని కంటితో చూచిన కథ ఉద్దానము నుండియే రావలసి యున్నది.

పాఠశాల పాత్ర ఎంతటిదో జపాను చూపినది. 2011 మార్చి 11న అక్కడ సముద్రము పొంగినప్పుడు కమైషి అను పట్టణమున మాధ్యమిక విద్యార్థులు ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక ఎత్తునకు పరుగెత్తినారు. వారిని చూచి పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలును కదలినారు. పెద్దవారు చిన్నవారి చేతులు పట్టుకొని కొండ ఎక్కించినారు. ఆ పట్టణపు బడులలో ఆనాడున్న పిల్లలందరు దక్కినారు. వారికి ఏండ్ల తరబడి ఆ పరుగు నేర్పియుండిరి. ఇషినొమాకి నగరమున ఒకావా ప్రాథమిక పాఠశాలలో పిల్లలను దాదాపు ఏబది నిమిషములు ఆవరణలోనే నిలిపినారు. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు కొట్టుకొనిపోయినారు. ఆ బడికి ప్రణాళిక లేకపోలేదు. ఎచ్చటికి పోవలెననుటకు అందులో సమీపపు ఖాళీస్థలమో, ఉద్యానమో అను రీతిని వ్రాసియున్నది. అట్టి స్థలమేది అని ఎవరును ముందుగా నడచి చూడలేదు. తల్లిదండ్రులు న్యాయస్థానమునకు పోగా 2018లో ఉన్నతన్యాయస్థానము, 2019లో సర్వోన్నతన్యాయస్థానము ఆ నిర్లక్ష్యమును తప్పుగా నిర్ణయించినవి.

మన గ్రామములలోను విపత్తు ప్రణాళికలున్నవి. వాని యందు పిల్లలకని ఒక పుట చేర్చవలెననునదే నా సూచన. దానిని వ్రాయగలవాడు తహసీలుదారు కాడు. ఊరిలో ఏ పిల్ల తండ్రి వేరావల్‌లో ఉన్నాడో, ఎవని కాలు వంకరయో, ఎవతె ఉబ్బసముతో బాధపడునో ప్రధానోపాధ్యాయునకు తెలియును. పాలబిడ్డలెందరో అంగన్‌వాడీ కార్యకర్తకు తెలియును. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము వైపు ఆశ్రమపాఠశాలలలో పిల్లలు తల్లిదండ్రులకు దూరముగా ఉన్నప్పుడే వాగులు పొంగును. వారిని ఇంటికి పంపవలెనా, అక్కడనే ఉంచవలెనా అనునది గాలివాన నాటి రాత్రి ఆలోచించు విషయము కాదు.

ఉపాధ్యాయ మిత్రుల సమాధానము నేను ఎరుగుదును. ఎన్నికల పని మాదే, జనగణన మాదే, మరుగుదొడ్ల ఛాయాచిత్రములును 2024 వరకు మేమే తీసితిమి, ఇంక ఇదియునా అందురు. ఆ విసుగు న్యాయమైనదే. ఈ పుటను మరియొక యాప్‌లో నింపుమని పైనుండి ఉత్తరువు వచ్చినచో నేనే ముందుగా వ్యతిరేకింతును. అయితే తక్కిన పనులలో ఉపాధ్యాయుని అక్షరజ్ఞానమునే ప్రభుత్వము వాడుకొనుచున్నది. ఇందు మాత్రము అతడు తన పిల్లలను ఎరిగియుండుట పనికివచ్చును. ఆ పుట వ్రాసిన ఉపాధ్యాయునకు ఒక అధికారమును కలిగియుండవలెను. శిబిరమున ఒక గదిని పిల్లలకును తల్లులకును విడిచిపెట్టించు అధికారము, నీరు తీసిన వారము లోపల తరగతిగదులను తిరిగి అడుగు అధికారము, తడిసిన పుస్తకములకు బదులు క్రొత్తవి మండలము నుండి తెప్పించు అధికారము. ఇవి లేక కేవలము పుట వ్రాయుమనుట మరల కాగితమునకు కాగితము చేర్చుటయే.

జూను మాసమున బడి తెరచిన వారములో పిల్లలను వరుసగా నిలిపి రక్షిత కేంద్రము వరకు ఒకసారి నడిపించినచో, దారిలో ఏ కల్వర్టు మీద నీరు నిలుచునో వారే చెప్పుదురు. అప్పటికి తుపాను కాలమునకు ఇంకను మూడు మాసముల గడువుండును.