గిటారు వల్ల ఉపయోగం ఏమిటి?

మొన్న శనివారం ఇక్కడ క్రైస్ట్‌చర్చ్ లో ఒక తెలుగు మిత్రుడింట్లో భోజనాలకి వెళ్ళాం. గోంగూర పప్పు, ములక్కాడ పులుసు లాగించాక సోఫాల్లో కూలబడి ఇళ్ళ ధరలు, వడ్డీ రేట్లు, పిల్లల చదువులు, ఇలా మామూలు వరసలో కబుర్లు నడుస్తున్నాయి. ఇంతలో మా ఆవిడ నోరు జారింది: "ఈయన రోజూ రాత్రి గరాజ్ లో కూర్చుని జాజ్ గిటారు వాయిస్తారండీ!"

అంతే, అందరూ నా మీద పడ్డారు. ఊరినుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, "ఏం బాబూ, నలభై ఏడేళ్ళకి గిటారేంటి? దానివల్ల ఉపయోగం?" అన్నారు. ఇంకో తమ్ముడు, "నేర్చుకునేదేదో మన సంగీతం నేర్చుకోవచ్చుగా అన్నయ్యా" అన్నాడు. అక్కడ నవ్వేసి ఊరుకున్నా గానీ, ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ గోల.

ముందు తమ్ముడి సంగతి. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ ఎక్కడన్నా ఉందా? అది తెల్లవాళ్ళ వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన పాటకి తెచ్చాడని చెబుతారు. ఆ తర్వాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయిస్తుంటే పరాయిదని ఎవరన్నా అన్నారా? పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండొలిన్ కి కరెంటు పెట్టి రాగాలు వాయించాడు. పెద్దయ్యాక జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగాడు. ఆ మెక్‌లాఫ్లిన్ మన సంగీతం మీద మనసుపడి 1970ల్లోనే శక్తి బృందం పెట్టాడు. ఆయన్ని మాత్రం "మీ సంగీతం మీరు వాయించుకోవచ్చుగా" అని మనమెవరం అడగలేదు. పైగా మురిసిపోయాం.

అలాగని రెండూ ఒకటేనని కోతలు కొయ్యను. కల్పనస్వరాలు వేసే గాయకుడికి శ్రుతి కదలదు, రాగం మారదు, తిరిగొచ్చి ఎడుపు దగ్గర సరిగ్గా పడాలి. జాజ్ లో కాళ్ళ కింద నేలే కదులుతుంటుంది. మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. సి ని షడ్జం అనుకోండి. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అని మూడు కార్డులు వరసగా వస్తాయి. మొదటి దాంట్లో ముఖ్యమైన స్వరాలు మ, స. రెండో కార్డు రాగానే స ఒక్క మెట్టు దిగి ని అవుతుంది, మ అలాగే ఉంటుంది. మూడోదానికి మ దిగి గ అవుతుంది, ని అలాగే ఉంటుంది. అంతా మన శంకరాభరణం స్వరాలే! కానీ ఏ స్వరం ఎప్పుడు దిగాలో తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. గమకం ఇందులో ఆ స్థాయిలో లేదు, ఒప్పుకుంటాను. మన దాంట్లో లేనిది ఇందులో ఒకటుంది కాబట్టే నేర్చుకుంటున్నా.

ఇక పెద్దాయన ప్రశ్న. ఇదే నన్ను పొడిచింది, ఎందుకంటే అది నాదే. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు వయొలిన్ లో చేర్పించాం. ప్రతి వారం కార్లో దింపుతూ నేనడిగింది ఒకటే: "పరీక్ష ఎప్పుడు? ఎన్ని మార్కులు?" ఏం వాయిస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. ఐదో గ్రేడు పాసయ్యింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. ఆ మర్నాడు వయొలిన్ పెట్టె మూసేసింది, ఇప్పటికీ తెరవలేదు. తప్పు టీచరుదీ కాదు, పరీక్షదీ కాదు. నేను ఉపయోగం అడిగాను, తను ఉపయోగం చూపించి బయటపడింది.

మా నాన్నగారు గుమాస్తా. ఆయన "అది కూడు పెడుతుందా?" అనడానికి అర్థం ఉంది, నెలాఖరుకి ఇంట్లో బియ్యం నిజంగానే నిండుకునేవి. మనకేమయింది? రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది, అందులో నాలుగేళ్ళుగా తెరవని అట్టపెట్టెలు ఉన్నాయి. అయినా నాన్నగారి పేదరికపు ప్రశ్నని పాస్‌పోర్టుతో పాటు మోసుకొచ్చి పిల్లల నెత్తిన పెడుతున్నాం.

"చిన్నప్పుడే మొదలెట్టాలి" అనేది ఇంకో సాకు. వెస్ మాంట్‌గోమరీ ఆరు తీగల గిటారు గట్టిగా పట్టుకున్నది ఇరవై ఏళ్ళ దగ్గర్లో. చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని నేర్చుకున్నాడు. పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి క్లబ్బుల్లో వాయింపు, ఇంట్లో బోలెడుమంది పిల్లలు. నేను వెస్ ని కాను, కాబోను. నాకు దక్కేది రోజుకి నలభై నిమిషాలు, అదీ ఆఫీసు కాల్స్ అయ్యాక. మెట్రోనోమ్ టిక్కుల్ని రెండు, నాలుగు దెబ్బలుగా వింటూ నత్తనడకన. పనిలో నేను కన్సల్టెంటుని, తెలియనిది కూడా తెలిసినట్టు మాట్లాడితేనే డబ్బులిస్తారు. రోజు మొత్తంలో నాకు రాదని ఒప్పుకుని కూర్చునేది ఆ నలభై నిమిషాలే.

ఇక్కడ ఉగాదికి ఆకులు రాలతాయి. హాగ్లీ పార్కంతా పసుపు రంగు తిరిగే కాలం. సందర్భం కుదిరింది కదా అని ఇప్పుడు 'ఆటమ్ లీవ్స్' మీద పడ్డాను. అది మొదలయ్యేదే పైన చెప్పిన మూడు కార్డుల వరసతో, శ్రుతి మార్చి. నిన్న రాత్రి వాయిస్తుంటే, గరాజ్ లో బట్టలు ఆరేసుకోవడానికొచ్చిన మా అమ్మాయి ఆగి, "నాన్నా, మూడో కార్డు వచ్చేసినా నువ్వింకా రెండోదాంట్లోనే ఉన్నావ్" అంది. నిజమే, మ దగ్గరే వేలాడుతున్నాను. దించి గ వాయించాను. "ఆ, అదీ" అని వెళ్ళిపోయింది.

వయొలిన్ మళ్ళీ తీస్తావా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మీరూ ఈసారి ఎవరైనా వాయిస్తున్నారని తెలిస్తే "ఉపయోగం ఏంటి" అనకండి. "ఏం వాయిస్తున్నారు?" అనండి చాలు. పెద్దాయన్ని వచ్చే శనివారం మా ఇంటికి పిలిచాను. గరాజ్ లో ఇంకో కుర్చీ వేశాను.