ఒకే కుండ... నాలుగు చెంబులు!

బోరుబండి వచ్చిందంటే చాలు, అనంతపురం పల్లెల్లో జాతర వాతావరణమే! తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన లారీ చుట్టూ ఊరంతా మూగుతుంది. అప్పటికే ఎవరో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిక్కిన చోట గుర్తు పెట్టి ఉంటారు. తెల్లటి రాతిపిండి ఎగజిమ్ముతుంటే రైతు కళ్లన్నీ దానిమీదే. పిండి తడిస్తే ఇంట్లో పండగ. తడవకపోతే మాత్రం అడుగుకింత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది. 'ఇంకో యాభై అడుగులు చూద్దాంలేన్నా' అంటాడు పక్కనున్నాయన. ఆ యాభై అడుగులకే ఇల్లాలి మెళ్లో గొలుసు తాకట్టుకెళ్తుంది.

ఎందుకింత జూదం? ఇక్కడ నేల కింద ఉన్నది చాలావరకు గట్టిరాయి. పైనున్న మెత్తరాతి పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పగులుకి గట్లూ సరిహద్దులూ తెలియవు. దానిమీద నలుగురు బోర్లు వేస్తే ఒకే కుండలో నాలుగు చెంబులు ముంచినట్టే. ఒకరు లోతుకెళ్తే పక్కవాడి బోరు ఎండుతుంది. అతను ఇంకా లోతుకెళ్తాడు!

2002లో వాల్టా చట్టం వచ్చింది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదంది. కానీ కుండలో ఎన్ని నీళ్లున్నాయో చట్టం చెప్పలేదుగా!

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరా నేలమీద 22 లక్షల లీటర్లు! అందులో ఎక్కువభాగం ఆవిరవుతుంది, కొంత వాగుల పాలవుతుంది. ఇంకేది కొంతే. విజయనగర రాజుల నాటి బుక్కపట్నం చెరువులాంటివి కట్టిన పెద్దలకు ఈ లెక్క తెలుసు. హంద్రీ-నీవా ద్వారా 2012లో కృష్ణా నీళ్లు జీడిపల్లికి చేరాయి. సంతోషమే, కానీ ప్రతి చేనికీ కాలువ రాదు కదా!

2000 దశకంలో రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో ఓ ప్రయత్నం జరిగింది. అందులో అనంతపురమూ ఉంది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం రాసుకున్నారు. రబీ ముందు ఊరంతా కూర్చుని 'ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు కావాల్సినవెన్ని' అని లెక్క తేల్చారు. ఫలానా పంటే వేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

బోరుబండిని పిలిచే ముందు ఒక్కసారి పక్కచేని ఆయన్ని పిలిచి చూడండి. మీ ఇద్దరిదీ ఒకే కుండ కావచ్చు!