రెండు గదులలో ఆరుగురు

మానవుడు సంఘజీవి అని పాఠశాలలో మనమందరం వ్యాసాలు వ్రాసినవారమే. ఆ సంఘజీవులు ఆరుగురు రెండు గదులలో, తలుపులు మూసుకొని, రెండు నెలలు గడపవలసివస్తే ఏమవుతుందో ఆ వ్యాసాలలో లేదు. 2020వ సంవత్సరం ఆ పాఠం చెప్పినది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెనువెంటనే లాక్‌డౌన్. నాగోలు నుండి ఉప్పల్ మీదుగా సాగే మెట్రో రైలు సెప్టెంబరు వరకు కదలలేదు. సరుకుల కోసం ఇంటికి ఒక్కరే, అదీ మూడు కిలోమీటర్ల లోపలే వెళ్ళాలన్నారు. రోగవ్యాప్తిని అరికట్టడానికి అది అవసరమే, కాదనను. నా ఆక్షేపణ అంతా ఆ రోజులలో వెల్లువెత్తిన హితోపదేశాల మీద. యోగాభ్యాసం చేయండి, చిత్రలేఖనం నేర్చుకోండి, పిల్లలతో ఆటలాడండి, కుటుంబక్షేమం దానంతట అదే సమకూరుతుందన్నారు. ఆ సలహాలిచ్చినవారి ఇళ్ళలో గదులెన్నో!

నాచారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల ఉన్న చిన్న అద్దె ఇళ్ళు ఒక నమ్మకం మీద నిలిచి ఉన్నవి. అందులో కాపురముండేవారందరూ ఒకే వేళ ఇంటిలో ఉండరన్నదే ఆ నమ్మకం. మా అబ్బాకు కార్ఖానాలో రాత్రి షిఫ్టు. ఆయన పగలు నిద్రించిన మంచం మీదనే రాత్రి నేనూ తమ్ముడూ పడుకొనేవారం. మేము బడిలో ఉన్నంతసేపు ఇల్లు ఆయనకు నిశ్శబ్దంగా ఉండేది. లాక్‌డౌన్‌తో ఆ ఏర్పాటు కూలిపోయినది. దాదీ దగ్గు, తమ్ముని అల్లరి, టీవీ వార్తలు, అబ్బా కోపం అన్నీ ఒకేచోట చేరినవి. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని మన భాషలో సామెత ఒకటి ఉన్నది. దానిని కట్టిన మహానుభావుడు ఆ ఇరుకింటిలో ఒక్కపూటైనా వంట చేసి ఉండడని నా అనుమానం.

నిర్బంధం అందరికీ సమానమన్నారు. నిజమేనా? జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, చేసే పురుషులు 97 నిమిషాలనీ తేలినది. ఇది తలుపులు మూతపడకముందు లెక్క. తలుపులు మూసిన తరువాత మాకు సెలవు దొరికినది, అమ్మీకి ఉన్న కాస్త విరామమూ పోయినది.

ఏప్రిల్ 25న రంజాన్ ఉపవాసాలు ఆరంభమైనవి. మసీదులకు వెళ్ళే వీలు లేదు; తరావీహ్ కూడా ఇంటిలోనే. తెల్లవారుజామున మూడు గంటలకు అమ్మీ లేచి రొట్టెలు చేసేది. మేము వరుసగా కూర్చుని తినేవారము. ఒకరికి నీళ్ళు, ఒకరికి చాయ్, తమ్మునికి మరొక రొట్టె. ఒకనాడు అజాన్ వినబడగానే దాదీ, "దుల్హన్, నువ్వెప్పుడు తిన్నావు?" అని అడిగినది. అమ్మీ సమాధానం చెప్పలేదు. అంతకుముందు కూడా కొన్ని రోజులు సహరీ లేకుండానే ఆమె ఉపవాసమున్నదని అప్పుడు తెలిసినది. అడుగు దూరంలో కూర్చుని తిన్న మాలో ఒక్కరమూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

ఇంటిపనిలో ప్రవక్తగారు తమవారికి చేయూతనిచ్చేవారన్న మాట మనకు తెలియనిది కాదు. తెలిసి ఏమి లాభం? దాదీ ఆనాడే పనులు పంచినది. కూరగాయలు తరగడం అబ్బాకు, గిన్నెలు తోమడం నాకు, నీళ్ళు పట్టడం చెల్లెలికి. జుహర్ నమాజు తరువాత ఒక గంటసేపు అమ్మీని ఎవరూ పిలువరాదు. అబ్బా మొదట ముఖం ముడుచుకున్నారు. ఉల్లిపాయలు మరీ లావుగా తరిగేవారు. అయినా ఆ వారంలో మా ఇంటిలో కేకలు తగ్గినవి. ఏ యోగాభ్యాసమూ చేయని మేలు ఆ గంట చేసినదని నా అభిప్రాయం.

డబ్బు సంగతి మరొకటి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చినది. జీతం సగమే వచ్చిన సంగతి అబ్బా చాలా రోజులు దాచారు. అడిగితే కసిరేవారు. చివరికొక రాత్రి కాగితం మీద లెక్క వ్రాసి మాకందరికీ చూపించారు. అప్పు తీరలేదు గాని, ఆయన మౌనానికి మేము భయపడడం మానుకొన్నాము. పిల్లలకు చెప్పకపోతే వారికి తెలియదని పెద్దలు ఎందుకనుకొంటారో!

ప్రతి ఇంటిలోనూ ఒక దాదీ ఉండదు. అదే ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ గృహహింస బాధితుల కోసం ప్రత్యేకంగా వాట్సాప్ సంఖ్యను ప్రకటించవలసివచ్చినది. గడప దాటలేని స్త్రీకి ఆ ఇల్లే అపాయమైతే పనుల పంపకం సరిపోదు. ఇరుగుపొరుగు చెవి ఒగ్గి ఉండవలసినదే. పలుచని గోడల వెనుక వినబడిన దానిని వారి ఇంటిగొడవ అని విడిచిపెట్టడం మర్యాద కాదు, పిరికితనం.

లాక్‌డౌన్ తొలగినది. అబ్బా మళ్ళీ రాత్రి షిఫ్టుకు వెళ్ళసాగారు. 2021 ఫిబ్రవరిలో పై తరగతులవారికి బడులు తెరిచారు. కూరగాయల కత్తి తిరిగి అమ్మీ చేతికి వచ్చినది, మధ్యాహ్నపు గంట కూడా క్రమంగా మాయమైనది. గిన్నెలు మాత్రం నేటికీ నా వంతే. ఏ రోజైనా ఎగ్గొడితే చెల్లెలు లెక్క వ్రాసిపెడుతున్నది.