ఓడ మునిగినా సంగీతం మునగలేదు

మన తెలుగు సినిమా ఆడకపోయినా అందులో పాటలు బాగుంటే బతికిపోతాయి. రేడియోలో వస్తూనే ఉంటాయి, పెళ్లి పందిట్లో మోగుతూనే ఉంటాయి. నేపథ్య సంగీతానికి పాపం ఆ అదృష్టం లేదు. అది చారులో ఇంగువ లాంటిది. ఉన్నన్నాళ్లూ ఎవరూ దాని మాటెత్తరు. సినిమా పోయిందంటే దాంతోపాటే అదీ పోతుంది.

అలా మరుగున పడిన ఓ మంచి సంగీతం గురించి ఈ వారం చెప్పాలనిపించింది. అది 1962లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ'లోది. సంగీతం కూర్చినాయన బ్రోనిస్లావ్ కేపర్. పోలెండ్‌లో పుట్టి, బెర్లిన్, పారిస్ తిరిగి హాలీవుడ్ చేరిన మనిషి.

కథ నిజంగా జరిగిందే. వెస్టిండీస్ తోటల్లో పనిచేసే బానిసలకు చవకగా తిండి దొరకాలని, తహితి దీవి నుంచి సీమపనస మొక్కలు తెమ్మని బౌంటీ ఓడను పంపారు. తిరుగు ప్రయాణంలో 1789 ఏప్రిల్ 28న నావికులు తిరగబడ్డారు. కెప్టెన్ బ్లైని, ఆయన పక్షాన ఉన్న 18 మందిని చిన్న పడవలో సముద్రంలోకి దింపేశారు. సినిమాలో ఈ గొడవ ముదిరేది తాగే నీళ్ల దగ్గర. మొక్కలు ఎండిపోకూడదని బ్లై మనుషుల నీళ్లకు కోత పెడతాడు. దాహంతో అల్లాడే నావికుడికి నీళ్లివ్వబోయిన ఫ్లెచర్ క్రిస్టియన్‌ని అడ్డుకుంటాడు. బిందెడు నీళ్ల విలువ మనకొకరు చెప్పాలా!

ఇక సంగీతానికొస్తే, మా అబ్బాయి ఫోనులో పెట్టిస్తే బొమ్మ చూడకుండా ఉత్త సంగీతమే విన్నాను. ఆ రోజుల్లో పెద్ద సినిమాలకు తెర మీద బొమ్మ పడకముందే కొన్ని నిమిషాలు ఆర్కెస్ట్రా వాయించేవారు. దాన్ని ఓవర్చర్ అంటారు. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఇత్తడి బూరలు ఒక్కసారిగా లేస్తాయి, తెరచాపలోకి గాలి నిండినట్టే. కింద వయొలిన్లు అలల్లా కదులుతుంటాయి. తహితి చేరేసరికి తీరే మారిపోతుంది. డప్పులు, దీవి జనం గుంపుగా పాడే గొంతులు. ఆ తర్వాత మెత్తగా వచ్చేది ప్రేమ బాణీ. ఓడలోని కట్టుదిట్టం ఒక పక్క, దీవిలోని స్వేచ్ఛ ఒక పక్క. నావికులకు వెనక్కి పోబుద్ధి ఎందుకు కాలేదో, మాటల కంటే ముందు ఈ సంగీతమే చెప్పేస్తుంది.

మరి ఎందుకు మరుగున పడింది? సినిమాకి ఖర్చు తడిసి మోపెడైంది. మధ్యలో దర్శకుడు మారాడు. హీరో మార్లన్ బ్రాండో మీద పత్రికలు దుమ్మెత్తి పోశాయి. పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. పైగా అదే ఏడాది 'లారెన్స్ ఆఫ్ అరేబియా' వచ్చింది. సంగీతానికి ఆస్కార్ దానికిచ్చారు, మారిస్ జార్ పట్టుకెళ్లాడు. బౌంటీకి ఏడు నామినేషన్లు వచ్చినా ఒక్కటీ దక్కలేదు. జార్ సంగీతం గొప్పదే, కాదనను. అయితే మాత్రం, పక్కింటి పిల్లకి ఫస్టు క్లాసు వచ్చిందని మన పిల్ల తెలివి తక్కువదైపోతుందా?

కేపర్ తన పని తాను లోటు లేకుండా చేశాడు. ఖర్చూ, గొడవలూ ఆయన చేతిలో లేవు. అందరి తప్పులకీ ఆయన కష్టం కూడా పోవడమే నాకు నచ్చలేదు.

సినిమా కోసం కొత్తగా కట్టించిన బౌంటీ ఓడ 2012 అక్టోబరులో శాండీ తుఫానులో మునిగిపోయింది. సంగీతం మాత్రం ఇవాళ్టికీ వినడానికి దొరుకుతోంది. మధ్యాహ్నం పనులయ్యాక ఓ పావుగంట వినండి. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం వినకండి, పొంగిపోతే నా పూచీ లేదు. విన్నాక మీకేమనిపించిందో ఓ ముక్క రాస్తారు కదూ!