తొలకరికి ముందే మీ పీహెచ్‌సీకి ఒకసారి వెళ్లి చూడండి

రైతన్నలకు, కూలి పనులకెళ్లే అక్కచెల్లెళ్లకు, సర్పంచులకు నా మనవి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుకు బలయ్యారని అంచనా. ఏటా సగటున 58 వేల ప్రాణాలు. అందులో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య పోయినవే. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నేను చాలా ఏళ్లు పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేశాను. ఒక జూలై రాత్రి, రక్తపింజరి కరిచిన కుర్రాణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. కాలు అప్పుడప్పుడే వాస్తోంది, ఎక్కడా రక్తం కారడం లేదు. విషం ఎక్కిందో లేదో తేల్చాలంటే కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఆ రాత్రి మా దగ్గర ప్లాస్టిక్ గొట్టాలే ఉన్నాయి. ప్లాస్టిక్‌లో గానీ, సబ్బుతో కడిగిన గాజులో గానీ ఈ పరీక్షను నమ్మడానికి లేదు. ఫ్రిజ్‌లో పది సీసాల మందు ఉండి కూడా, కుర్రాణ్ణి 108లో జిల్లా ఆసుపత్రికి పంపాం. దారిలో చిగుళ్ల నుంచి రక్తం మొదలైందట. వాళ్లమ్మ కొంగుతో తుడుస్తూనే ఉందట. అబ్బాయి బతికాడు. ఆ గాజు గొట్టం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే అడుగుతున్నాను. ఊళ్లో నలుగురు కలిసి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని మీ పీహెచ్‌సీకి వెళ్లండి. పాముకాటు మందు ఎన్ని సీసాలుందో అడగండి. మొదటి మోతాదుకే ఎనిమిది నుంచి పది సీసాలు పడతాయి, రెండో మూడో ఉంటే లాభం లేదు. గడువు తేదీ చూడండి. ద్రవరూపంలో ఉన్న మందైతే కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ సంగతేమిటో కనుక్కోండి. ఈ మందు కొందరికి పడదు, అప్పుడు వెంటనే ఎడ్రినలిన్ ఇవ్వాలి. అది పక్కనే ఉందా? కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. పెద్దాసుపత్రికి చేరేదాకా చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు ఉందా? పిల్లలకు సరిపడే మాస్కు ఉందా?

తగాదాకి వెళ్లొద్దు. ఇండెంటు పెట్టి ఎదురుచూసే ఫార్మసిస్టు బాధ నాకు తెలుసు. పాముకాటు చావులను 2030 కల్లా సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, ఆ మాట గుర్తుచేయండి. లేనివాటిని డాక్టరు గారితో కూర్చుని కాగితం మీద రాసి జిల్లా వైద్యాధికారికి పంపండి. గాజు గొట్టాల్లాంటి చిన్న వస్తువులను ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో పెట్టి కొనిపించండి. విత్తనాలు తెచ్చుకునే వారంలోనే ఈ పని కూడా పెట్టుకోండి.