వంటకానికి గుర్తింపు సరే, వంటవాడికేదీ?

హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో ఆహార సంస్కృతి విభాగంలో హైదరాబాద్‌ను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. రెండూ సంతోషించదగినవే. అయితే ఆ గౌరవం వంటకానికి దక్కింది, నగరానికి దక్కింది. వండిన చేతికి మాత్రం దక్కలేదు. పచ్చి మాంసాన్నీ సగం ఉడికిన బియ్యాన్నీ ఒకే దేగ్‌లో పేర్చి, మూత అంచున పిండి అతికి, ఆవిరి వాసనను బట్టి మంట తగ్గించే బావర్చీ దగ్గర తాను నిపుణుడినని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. నిన్నటి దాకా ఆ కాగితం అవసరం రాలేదు. నేడు ఆతిథ్య రంగంలో నియామకాల తీరే మారిపోయింది. ఈ మార్పును సకాలంలో గుర్తించకపోతే, మన వంటకాలతో సాగే వ్యాపారంలో మన పిల్లలకు గిన్నెలు తోమే పని మాత్రమే మిగులుతుంది.

ఒకప్పుడు హోటల్ వంటగదికి ఉస్తాద్ మాటే నియామక పత్రం. కుర్రవాడు శాగిర్ద్‌గా చేరి, ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెట్టి, మాంసం కోత, మసాలా పాళ్లు, పొయ్యి మీద అదుపు నేర్చుకుని, ఏళ్ల తరువాత దేగ్ మూత తీసే అర్హత సంపాదించేవాడు. యజమాని ఉస్తాద్‌ను నమ్మేవాడు, ఉస్తాద్ శాగిర్ద్‌కు పూచీ పడేవాడు. ఇప్పుడు చైన్ హోటళ్లలోనూ క్లౌడ్ కిచెన్లలోనూ ఆ స్థానాన్ని మానవ వనరుల విభాగం ఆక్రమించింది. అది అడిగేది డిప్లొమా, ఆహార భద్రత శిక్షణ ధ్రువపత్రం, పాత యజమాని ఇచ్చిన అనుభవ పత్రం. గదుల శుభ్రత, కాపలా వంటి పనులు ఏజెన్సీల చేతికి వెళ్లాయి. భోజనం చేరవేత యాప్‌ల చేతికి వెళ్లింది. అన్నిటికంటే లోతైన మార్పు వంటగదిలోనే జరిగింది. ఒకే చోట కొలిచి కలిపిన మసాలా పొట్లాలు శాఖలన్నిటికీ చేరుతుంటే, ఉస్తాద్ చేతి లెక్క ఇక యాజమాన్యానికి అవసరం లేదు. అతడి విద్య పొట్లంలోకి వెళ్లింది; దానితో పాటే జీతం గురించి గట్టిగా అడిగే బలమూ పోయింది.

కాగితం లేనివారి జాబితాలో మనం ముందు వరుసలో ఉండటం యాదృచ్ఛికం కాదు. పట్టణాల్లో క్రమబద్ధమైన ఉద్యోగాల్లో ఉన్నవారు ముస్లిం కార్మికులలో సుమారు 27 శాతమేనని 2006లో సచార్ కమిటీ నివేదించింది. ఎస్సీ, ఎస్టీలలో అది 40 శాతం, ఓబీసీలలో 36, అగ్రవర్ణ హిందువులలో 49 శాతం. కాగితం ఉన్నంత మాత్రాన తలుపు తెరుచుకుంటుందన్న భరోసా కూడా లేదు. ప్రైవేటు సంస్థల ప్రకటనలకు సమాన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే, ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడో వంతేనని అది తేల్చింది.

రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ క్లాజు హోటళ్లను పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. మతం, కులం కారణంగా ఏ పౌరుడినీ అక్కడికి రాకుండా అడ్డుకోరాదని శాసిస్తుంది. తినడానికి వచ్చినవాడికి ఆ రక్షణ ఉంది. పని కోసం వచ్చినవాడికి? 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. ప్రైవేటు నియామకాల్లో మతపరమైన వివక్షను నిషేధించే సమగ్ర చట్టం దేశంలో నేటికీ లేదు. ఈ ఖాళీ ఎంత ప్రమాదకరమో 2024 జూలైలో తేటతెల్లమైంది. కావడి యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలు యజమానుల, సిబ్బంది పేర్లు ప్రదర్శించాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో ఆదేశాలు వెలువడ్డాయి. కొన్ని చోట్ల ముస్లిం పనివారిని తప్పించారని వార్తలొచ్చాయి. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేస్తూ, వడ్డించే ఆహారం ఏ రకమో తెలిపితే చాలని, పేర్లు చెప్పాలని బలవంతం చేయరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు పేరు పలకను ఆపగలిగింది. పేరు చూసి పని నుంచి తీసేసిన యజమానిని నిలదీయడానికి ఆ కార్మికుడి చేతిలో ఏ చట్టముంది?

ఇక మన ఇళ్లలోని సంకోచం సంగతి. హోటల్ మేనేజ్‌మెంట్ చదువులో మద్యం వడ్డన, పంది మాంసం వంట ఉంటాయన్న కారణంతో చాలా కుటుంబాలు ఆ ద్వారాన్ని ముందే మూసేస్తున్నాయి. ఆ ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కాని దానికి జవాబు తప్పుకోవడం కాదు, అడగడం. అహ్మదాబాద్, భోపాల్, జైపూర్‌లలోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలు శాకాహార వంట మాత్రమే నేర్చుకునే వెసులుబాటును విద్యార్థులకు కల్పించాయి. ఒకరి మనస్సాక్షికి ఇచ్చిన వెసులుబాటును మరొకరికి ఎందుకు ఇవ్వరని అడిగే హక్కు మనకుంది. పైగా ఆ చదువు వంటకూ వడ్డనకూ పరిమితం కాదు. రిసెప్షన్, గదుల నిర్వహణ, బేకరీ, లెక్కలు, కొనుగోళ్లు, మానవ వనరులు అన్నీ అందులోనివే. తలవస్త్రం ధరించే యువతికి రిసెప్షన్ ఉద్యోగం కుదరదనే వాదన కూడా నిలవదు. గల్ఫ్‌లోనూ ఇండొనేషియాలోనూ పెద్ద హోటళ్లలో యూనిఫాం రంగు తలవస్త్రంతో మహిళలు పనిచేస్తూనే ఉన్నారు.

ఇతరులను ప్రశ్నించే ముందు మన గల్లాపెట్టె వైపు కూడా చూడాలి. ముస్లిం యాజమాన్యంలోని హోటళ్లు, ఇరానీ కేఫ్‌లు, రంజాన్ నెలలో వెలిసే హలీమ్ బట్టీలు వేలాది మందికి అన్నం పెడుతున్నాయి. అందులో ఎందరికి నియామక పత్రం ఉంది? 10 మంది పనివారుంటే ఈఎస్‌ఐ, 20 మంది ఉంటే భవిష్య నిధి వర్తిస్తాయి. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. బట్టీ సెగకు చేయి కాలిన కార్మికుడికి ఈఎస్‌ఐ కార్డు లేకపోతే, యజమాని మనవాడు కావడం వల్ల మంట తగ్గదు. రోజు కూలీ చేతిలో పెట్టి, లెక్కల పుస్తకంలో అతడి పేరు రాయకపోవడం దయ కాదు, దగా.

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పనిలో నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అందులో దేగ్ వంట, దమ్, హలీమ్ తయారీని ప్రత్యేక నైపుణ్యాలుగా చేర్చాలి. పరీక్ష ఉర్దూ, తెలుగు భాషల్లో జరగాలి. పరీక్షకులలో ఉస్తాద్‌లు ఉండాలి. ముప్పై ఏళ్ల అనుభవానికి హెల్పర్ స్థాయి పత్రం ఇస్తే అది గుర్తింపు కాదు, అవమానం. రాష్ట్రంలోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలు ఉస్తాద్‌లను అధ్యాపకులుగా పిలవాలి. సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్‌కు ప్రైవేటు నియామకాలను విచారించే అధికారంతో ప్రాణం పోయాలి. మన సంస్థలు, మస్జిద్ కమిటీలు ఒక పని రేపే మొదలుపెట్టవచ్చు: తమ బస్తీలోని హోటల్ కార్మికుల జాబితా రాసి, ఎవరికి ఏ పత్రం లేదో గుర్తించి, ఒక్కొక్కటిగా ఇప్పించడం.

హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దానంతట అదే రాలేదు. తయారీదారులు సంఘటితమై దరఖాస్తు చేసి సాధించుకున్నారు. దంచిన చేతుల కోసం కూడా ఎవరో ఒకరు ఆ దరఖాస్తు రాయాలి. ఆ బాధ్యత మనదే.